అంకాలమ్మ కట్టిన విల్లు

అంకాలమ్మ దోహాలో మూడేళ్ళపాటు ఒక అబద్ధం చెప్పుకుని బతికింది. జమ్మలమడుగు దగ్గర వాళ్ళ నాయనకు నాలుగెకరాల చేను ఉందనీ, ఆయన బతికినన్నాళ్ళూ శనక్కాయలు పండించాడనీ అడిగినవాళ్ళందరికీ చెప్పేది. ఆ అబద్ధం వల్ల ఎవరికీ నష్టం లేదు. 1995 మార్చిలో ఒక పొద్దున దాన్ని మహబూబ్ బద్దలు కొట్టాడు. అదీ ఆమెకు మేలు చేస్తున్నాననుకుని.

ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో ముబారక్ అనే పెద్దమనిషి ఇంట్లో ఆమె వంట చేసేది. మహబూబ్ ఆ ఇంటి డ్రైవరు. ఇద్దరిదీ ఒకే ఊరు. వాళ్ళు దూదేకులవాళ్ళు, వీళ్ళు మాదిగవాళ్ళు. ఆ సంగతి దోహాలో ఎత్తకూడదని విమానం దిగిన రోజే ఆమె అతని చేత మాట తీసుకుంది.

నేను అప్పట్లో దోహాలోనే ముషైరిబ్ పేటలో ఒక ట్రేడింగ్ కంపెనీలో టైపిస్టుని. పేరు పెర్సిస్, మాది భీమవరం. శుక్రవారాలు ఒకరింట్లో తెలుగువాళ్ళం ప్రార్థన పెట్టుకునేవాళ్ళం. అంకాలమ్మ క్రైస్తవురాలు కాదు గానీ, నాలుగు తెలుగు మాటలు చెవిన పడతాయని వచ్చి వెనక కూర్చునేది. ప్రార్థన అయ్యాక నా పక్కన చేరి ఆ వారం జరిగినదంతా చెప్పేది. నాకు తెలిసినదంతా అలా తెలిసిందే. చివరి భాగంలో మాత్రం నేనూ ఉన్నాను.

ఆమె తండ్రి తిరుపాలు మంచి పనివాడు. చచ్చిన గొడ్ల తోళ్ళు తెచ్చి సున్నంలో నానబెట్టి చెప్పులు కుట్టేవాడు, బావి నీళ్ళు తోడే మోట బానలు కుట్టేవాడు. ఎద్దు వెన్ను నరాన్ని ఎండబెట్టి, కొయ్య సుత్తితో దంచి, పీచు తీసి, దూది ఏకే విల్లుకు నారి పేనేవాడు. ఆ పీచు దువ్వడం అంకాలమ్మ పని. ఐదో తరగతిలో ఉండగా ఒకరోజు బడికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని అయ్యవారు ఆమెను లేపి, "నువ్వు బయట నిలబడు, కంపు కొడుతున్నావు" అన్నాడు. ఆమె ఇంటికి పోయి పీచు దువ్వే దువ్వెనను బావిలో పారేసింది. తిరుపాలు రెండు రోజుల్లో ఇంకో దువ్వెన చేసి కూతురి చేతిలోనే పెట్టాడు. పెళ్ళయ్యేదాకా ఆమె దువ్వింది, దంచింది, బంక కాచింది. మొగుడు నాపరాళ్ళ గనిలో రాయి పడి పోయాక, 1992లో దోహా వచ్చింది. పచ్చి తోలు ఇక జన్మలో ముట్టనని ఆ విమానంలోనే ఒట్టు పెట్టుకుంది.

ముబారక్‌ను ఇంట్లో అందరూ బాబా అనేవారు. ఆయనకు పాత ఆయుధాలంటే ప్రాణం. అతిథులు కూర్చునే మజ్లిస్ గోడ నిండా కత్తులు, బాకులు, తుపాకులు. ఒక ఇంగ్లీషు బడిలో చరిత్ర చెప్పే ట్రెవర్ అనే ఆయన తరచూ వచ్చి వాటిని చూసి పోతుండేవాడు. ఆయన ఒకరోజు కొన్ని కాగితాలు తెచ్చి బాబా ముందు పరిచాడు. యూఫ్రటీస్ ఒడ్డున ఒక రోమన్ కోట తవ్వకాల్లో దొరికిన నాలుగు ఎముక పలకల బొమ్మలు అవి. తవ్వకంలో పనిచేసిన స్నేహితుడు గీసి పంపాడు.

రోమన్ సైన్యంలో కొలువు చేసిన సిరియా ఎడారి విలుకాళ్ళ విల్లు ఒట్టి కర్ర కాదట. నడుమ సన్నని కర్ర, విలుకాడి వైపు కొమ్ము పలక, అవతలి వైపు నరాల పీచు, అన్నిటినీ పట్టి ఉంచడానికి తోలుబంక. రెండు కొసలా వంగకుండా నిలిచే చెవులు, ఒక్కో చెవికి ఇటొకటి అటొకటి ఎముక పలక. పలక కొసన నారి తగిలించే గాడి. పదిహేడు వందల ఏళ్ళలో కర్ర చివికిపోయింది, కొమ్మూ నరమూ మట్టిలో కలిసిపోయాయి. ఎముకలు మిగిలాయి. వాటి పొడవూ వంపూ గాడీ చూసి మొత్తం విల్లును మళ్ళీ కట్టాలని ట్రెవర్ కోరిక. విలుకాళ్ళు అరబ్బులని వినగానే బాబాకు మరీ హుషారు వచ్చింది. "ఆ విల్లు మాది. మా ఇంట్లోనే కట్టాలి" అన్నాడు.

కొమ్ములు కరాచీ నుంచి వచ్చాయి. కర్ర ట్రెవరే చెక్కుకున్నాడు. నరం సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. తెలిసినవాడు ఎక్కడ దొరుకుతాడని బాబా కారులో కూర్చుని వాపోతుంటే, మహబూబ్ స్టీరింగ్ పట్టుకుని నోరు తెరిచాడు.

ఆ పొద్దున బాబా అంకాలమ్మను మజ్లిస్‌కు పిలిపించాడు. "నీ తండ్రి తోలు పని చేసేవాడట కదా! జేన్, చాలా జేన్!" అని, మంచిదే అన్నట్టు సంతోషంగా నవ్వాడు. ఆమె గుమ్మంలో నిలబడ్డ మహబూబ్‌ను చూసింది. అతను కూడా నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి ఒళ్ళు మండిపోయిందని నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

వంటింట్లోకి రాగానే అతన్ని నిలేసింది.

"ఏమిరా మహబూబూ, నీది నోరా మోరీనా?"

"నేనేం చెడ్డ మాట చెప్పినా అక్కా? తిరుపాలు పేనిన నారితో మా జేజినాయన పన్నెండేండ్లు దూది ఏకినాడు, నారి తెగలేదు. ఆ మాటే చెప్పినా. గొప్పగానే చెప్పినా."

"గొప్పగా చెప్పినావా? ఆ నారి మా నాయన మీ జేజినాయన చేతికిచ్చినాడా? అరుగు మీద పెట్టి ఎనక్కి పోయి నిలబడితే, మీ జేజినాయన నీళ్ళు చల్లి ఎత్తుకునేటోడు. అది చెప్పినావా బాబాకు?"

మహబూబ్ తల దించుకున్నాడు.

"అది చెప్పవు. నారి తెగలేదని మాత్రం చెప్తావు" అని ఆమె స్టవ్ వైపు తిరిగింది. ఆ రోజు నుంచి అతనితో పనికి సంబంధించిన మాట తప్ప ఇంకేమీ మాట్లాడలేదు.

కాదనే వీలు ఆమెకు లేదు. వీసా బాబాది, పాస్‌పోర్టు ఆయన బీరువాలో. రెండు రోజుల్లో మహబూబ్ ఊరి బయట ఒంటెలు పెంచే అల్ షహానియా నుంచి ఒక గోనెసంచి తెచ్చాడు. కాలు విరిగితే కోసిన ఒంటె నరాలూ, బంకకు తోలు ముక్కలూ అందులో ఉన్నాయి. పెరట్లో దాని మూతి విప్పగానే ఇరవై అయిదేళ్ళ కిందటి మాదిగ గేరి అంతా వచ్చి ముఖాన కొట్టినట్టయింది. ముక్కుకు గుడ్డ కట్టుకుని నరాలు ఎండేసింది. ఎండినవాటిని దంచింది. పీచు తీసింది. చేతులు వాటంతట అవే పని చేసుకుపోతుంటే ఆ చేతుల మీదే ఆమెకు కసిగా ఉండేది. "మర్సిపోయిందనుకున్నా పెర్సిసమ్మా. పాడు చేతులు, ఒక్కటి గూడా మర్సిపోలా" అంది ఆ వారం.

బంక దగ్గర మొదటి తగువు వచ్చింది. నానిన తోలు ముక్కలను ట్రెవర్ పెద్ద గిన్నెలో వేసి మంట పూర్తిగా పెంచాడు. గిన్నె కుతకుత ఉడుకుతోంది. అంకాలమ్మ పరుగున వచ్చి మంట తగ్గించింది. "జాస్తి నార్ మాఫీ! మంట పెద్దదైతే బంక చచ్చిపోతాది" అంది తనకు తెలిసిన మాటలన్నీ కలిపి. ట్రెవర్ ఆమెను కసురుకోలేదు. చాలా మర్యాదగా నవ్వి, చేతిలో ఉన్న పుస్తకం తెరిచి, అందులో ఒక పేజీ ఆమెకు చూపించాడు. చదవడం రాని మనిషికి. తర్వాత మంట మళ్ళీ పెంచాడు.

మర్యాదగా చేసినంత మాత్రాన అవమానం తగ్గదు. ఆమె ఉల్లిపాయలు కోయడానికి పోయింది.

మే నెలకల్లా మొదటి విల్లు తయారైంది. త్వరగా ఆరాలని ట్రెవర్ దాన్ని ఏసీ ఎదురుగా వేలాడదీశాడు. నీడలో, గాలి మెల్లగా ఆడేచోట నెలల తరబడి ఆరాలని ఆమె మహబూబ్ చేత చెప్పించినా వినలేదు. జూలైలో, సముద్రపు ఉక్క గోడలకు కూడా చెమట పట్టిస్తున్న రోజుల్లో, మజ్లిస్‌లో పదిమంది ముందు నారి ఎక్కించారు. ఎక్కిస్తుండగానే విల్లు ఒక పక్కకు మెలి తిరిగింది. బాబా మూరెడు లాగాడో లేదో, వీపు మీది నరం ఉల్లిపొరలా ఊడి లేచింది, చెవి విరిగింది, ఎముక పలక ఎగిరివచ్చి ఆయన చెంపను చీల్చింది.

బాబా చెంపకు గుడ్డ అదుముకుని కూర్చున్నాడు. తప్పు ఎక్కడ జరిగిందని ఎవరో అడిగారు. బంక సరిగా కాగలేదనీ, అది కాచింది వంటమనిషనీ ట్రెవర్ చెప్పాడు. బాబా వంటింట్లోకి వచ్చి కేకలేశాడు. ఆమెకు ఆ అరబ్బీ సగమే అర్థమైంది. ఇష్టం లేని పని గనుక కావాలనే పాడు చేశావని ఆయన అన్న మాట మాత్రం పూర్తిగా అర్థమైంది.

"పని తప్పు చేసినానని అంటే ఊర్కుందును" అంది నాతో. "కావాలని చెడగొట్టినానన్నాడు. మా నాయన కూలి ఎగ్గొట్టినోళ్ళతో కొట్లాడినాడు, ఊరి పెద్దోళ్ళతో కొట్లాడినాడు, పనిని మాత్రం ఒక్కనాడు గూడా చెడగొట్టలా."

మర్నాడు శుక్రవారం. ఇరవైమంది భోజనానికి వచ్చే రోజు. పదకొండు దాటినా వంటింట్లో పొయ్యి వెలగలేదు. అంకాలమ్మ ఊడిన నరాన్నీ, పెళుసుగా రాలుతున్న బంక పెచ్చులనూ ఒక పళ్ళెంలో పెట్టుకుని నేల మీద కూర్చుంది. ఇంటి యజమానురాలిని పనివాళ్ళందరూ అమ్మా అన్నట్టు మామా అనేవాళ్ళు. అరవై దాటిన మనిషి. అన్నం వాసన రాకపోయేసరికి ఆమే వచ్చింది.

"ఏమిటిది? వండవా?"

"వండను" అంది అంకాలమ్మ. "ముందు ఇది చూడు."

వాళ్ళిద్దరూ అరబ్బీ, హిందీ, చేతి సైగలు కలిసిన ఆ ఇంటి భాషలో మాట్లాడుకున్నారు. మంట ఎవరు పెంచారో, తను ఏమని ఆపబోయిందో అంకాలమ్మ చెప్పింది. మామా ఒక పెచ్చు తీసి వేళ్ళతో నలిపింది. వాసన చూసింది.

"తోలును మసిలే నీళ్ళలో వేస్తే ఏమవుతుందో చిన్నపిల్లకు కూడా తెలుసు" అంది. "మా అమ్మ గుడారంలో బతికిన మనిషి. మేకతోలుతో నీళ్ళ తిత్తులు కుట్టేది. నేనూ వేళ్ళు పుండ్లు పడేదాకా కుట్టాను. ఆ ఇంగ్లీషువాడు ఎన్ని తిత్తులు కుట్టాడు?"

అంటూనే మజ్లిస్‌లోకి పోయి మొగుణ్ణి దులిపేసింది.

అంకాలమ్మకు అంతటితో కోపం చల్లారాల్సింది. చల్లారలేదు. ఆ సాయంత్రం నా దగ్గరికి వచ్చి, కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"ఆయమ్మ తిత్తి కుట్టిన చేత్తోనే అన్నం కలిపి పిలకాయలకు పెట్టినాదంట పెర్సిసమ్మా. ఎవురూ నీళ్ళు సల్లలా, ఎవురూ బయట నిలబడమనలా. పండగప్పుడు ఆ తిత్తి తీసి సుట్టాలకు సూపిచ్చుకునేవాళ్ళంట గొప్పగా! అదే తోలు. అదే కంపు. మరి మా ఊర్లో మా మీద పడిన కంపు యాడిదబ్బా?"

నేనూ దానికి జవాబు తెలిసి ఉండాల్సిన మనిషినే. మా తాత భీమవరం పక్కన చెప్పులు కుట్టాడు. మా నాన్న బాప్తిస్మం తీసుకుని, బడిపంతులై, ఆ మాట ఇంట్లో పలకనివ్వలేదు. నేను కూడా దోహాలో ఎవరికీ చెప్పలేదు. ఆమె అంత మండిపోతూ అడుగుతుంటే నేను టీ కలపడానికి లేచాను.

రెండో విల్లు కడతానని అంకాలమ్మే అంది, కొన్ని షరతులతో. పని వంటింట్లో జరగదు, వెనక ఉన్న స్టోర్ రూములో జరుగుతుంది. మంట దగ్గరికి ట్రెవర్ రాడు. ఆరేదాకా ఎవరూ తొందరపెట్టరు. చెంప మీద మచ్చ పడ్డ బాబా అన్నిటికీ తలూపాడు.

సెప్టెంబరులో ట్రెవర్ స్నేహితుడు ఆ ఎముక పలకలకు ప్లాస్టర్‌తో అచ్చులు పోసి పెట్టెలో పంపించాడు. అప్పటిదాకా అందరూ చూసినవి బొమ్మలే. ఇప్పుడు చేత్తో పట్టుకోవచ్చు. అంకాలమ్మ నాలుగింటినీ బల్ల మీద పెట్టి, తిప్పి తిప్పి, వేలితో తడిమింది. ట్రెవర్ పొడుగు పలకలు రెండూ ఒక చెవికీ, పొట్టివి రెండూ రెండో చెవికీ అని జత చేశాడు. మొదటి విల్లు అలాగే కట్టారు.

"ఇవి జత కాదు" అంది.

మహబూబ్ ఇంగ్లీషులో చెప్పాడు. ట్రెవర్ ఓపిగ్గా నవ్వాడు.

ఆమె రెండు పొడుగు పలకలనూ పక్కపక్కన పెట్టింది. "సూడు. బంక పట్టుకునేదానికి గీతలు గీసింది లోపలి పక్క. నున్నగా ఉండేది బయటి పక్క. గీతలు లోపలికి పెట్టి, గాడి నారి దిక్కు తిప్పు. రెండూ ఎడం పక్కనే కూసుంటాండాయి. రెండూ ఎడమకాలి సెప్పులే. ఎడమకాలి సెప్పులు రెండు ఏసుకుని ఎవురన్నా నడుస్తారా? అందుకే మెలి తిరిగింది." తర్వాత ఒక పొట్టి పలక తీసి పొడుగుదాని పక్కన ఆనించింది. గాడి గాడికి సరిగ్గా సరిపోయింది. "ఇదీ దీని జత. ఇది పొట్టిది గాదు, అడుగు ఇరిగిపోయింది. ఇరిగిన సోట మట్టిలో అరిగి నున్నగైంది, అంతే."

బొమ్మలు గీసినవాడు ఒకదాన్ని తిరగేసి గీశాడని ఇన్నాళ్ళూ అనుకున్నానని ట్రెవర్ గొణిగాడు. అచ్చులు ఇంటికి పట్టుకుపోయాడు. మూడు రోజుల తర్వాత వచ్చాడు. ఆమె చెప్పినట్టే జత చేసిన కొత్త బొమ్మ గీసుకుని వచ్చాడు. "మీరు చెప్పింది నిజం" అనే మాట అతని నోటి నుంచి రాలేదు. బొమ్మను బల్ల మీద పెట్టి, "మనం ఇలా చేద్దాం" అన్నాడు.

ఆ చలికాలమంతా ఆమె పని చేసింది. పొద్దున వంట, మధ్యాహ్నం స్టోర్ రూము. ఒంటె నరాన్ని దంచి, కొవ్వు పోయేదాకా సోపునీళ్ళలో కడిగి, జుట్టులా దువ్వింది. తోలు ముక్కలను చిన్న సెగ మీద, వేలు పెడితే ఓర్చుకోగలిగేంత వేడిలో, రోజంతా కాచింది. కొమ్మును కర్రకు అతికి తాడుతో బిగించి నెల రోజులు వదిలేసింది. తర్వాత గోరువెచ్చని బంకలో పీచును ముంచి, వేళ్ళతో పిండి, విల్లు వీపు మీద పరిచింది. ఒక వరస ఆరాక ఇంకో వరస. బంకలో మునిగిన వేళ్ళు చర్మం ఊడి ఎర్రబడ్డాయి. మామా అప్పుడప్పుడూ వచ్చి స్టూలు మీద కూర్చునేది.

ఆ పని ఆమెకు నచ్చిందా అని ఒకసారి అడిగాను. కళ్ళెర్రజేసింది. "నచ్చడమేంది? వచ్చు. వచ్చిన పని సరింగ చెయ్యాల. అంతే."

పది నెలల పైగా ఆరనిచ్చి, 1997 జనవరిలో అల్ షహానియా దగ్గర బాబా తోటలో విల్లు ఎక్కుపెట్టారు. మంచి చలి, పొడి గాలి. పాతికమంది అతిథులు, వాళ్ళలో ఆరుగురు ఇంగ్లీషువాళ్ళు. మగవాళ్ళు కంచె దగ్గర, ఆడవాళ్ళు అవతలి గుడారంలో. అంకాలమ్మ టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని నిలబడింది. బాబా నారి ఎక్కించాడు. విల్లు మెలి తిరగలేదు. చెవిదాకా లాగాడు. బాణం కంచె దాటి, ఒంటెల దాణా కుప్పలు దాటి, ఎక్కడో ఇసుకలో పడింది. మనిషి పోయి వెతికి తెచ్చేసరికి పావుగంట పట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. ట్రెవర్ సిరియా విలుకాళ్ళ గురించి, ఎముక పలకల గురించి ఉపన్యాసం చెప్పాడు.

ఎవరో నరం పని ఎవరిదని అడిగారు. బాబా చాలా సంతోషంగా ఆమె వైపు చెయ్యి చూపించాడు. "మా వంటమనిషి! హిందూస్తాన్‌లో వీళ్ళ జాతి మొత్తానికి ఇదే పని. నేర్పక్కర్లేదు. వాళ్ళ రక్తంలోనే ఉంది."

అందరూ మెచ్చుకోలుగా తలలూపారు. మహబూబ్ ఆమె చెవి దగ్గరికి వచ్చి సంబరంగా అన్నాడు: "నీ గురించే అక్కా! మీ రక్తంలోనే ఉందంటాండాడు!"

అంకాలమ్మ పళ్ళెం ఇసుకలో పెట్టేసింది. గ్లాసులు ఒరిగి టీ ఒలికింది. ఆమె బాబా ముందుకు నడిచింది.

"దమ్ మాఫీ!" అని అరిచింది. రక్తం కాదు. రెండు చేతులూ ఎత్తి, చర్మం ఊడి మచ్చలు పడ్డ వేళ్ళు ఆయన ముఖం ముందు ఆడించింది. "ఈద్! హాదా ఈద్!" ఇది చెయ్యి. అక్కడికి అరబ్బీ అయిపోయింది. మిగతాది తెలుగులో వచ్చింది. "మా నాయన నేర్చుకున్నాడు, నేను నేర్చుకున్నా. ఏడ్చి నేర్చుకున్నా. రక్తంలో ఉంటే నన్ను బళ్ళోనుంచి ఎందుకు తరిమినారు? రక్తమంట రక్తం! మీ రక్తంలో ఏముండాదో ముందు సెప్పండి!"

తెలుగు అర్థమైంది మహబూబ్‌కు ఒక్కడికే. అతను అనువదించలేదు. అవసరం కూడా లేదు, కోపం అందరికీ అర్థమైంది. బాబా ముఖం నల్లబడింది. "పో, కారులో కూర్చో" అన్నాడు.

తిరుగుదారిలో మహబూబ్ అన్నాడు: "పొగిడినా కోపమేనా అక్కా? నిన్ను తిట్టలేదు గదా."

"తిట్టింటే బాగుండు. పద్నాలుగు నెలలు నేను పడిన పాటు ఒక్క మాటతో తీసేసినాడు. నాది గాదంట, నా పుట్టుకదంట. ఊర్లో అదే మాట, ఈడా అదే మాట. ఊర్లో ముక్కు మూసుకుని అంటారు, ఈడ సప్పట్లు కొట్టి అంటారు."

అతను బండి పక్కకు ఆపాడు. "నేను చెప్పకపోయింటే ఇదంతా ఉండేది గాదు. తప్పు నాదే అక్కా" అన్నాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. క్షమించానని అనలేదు. ఆ తర్వాత అతనితో మళ్ళీ మాట్లాడటం మాత్రం మొదలుపెట్టింది. ఎక్కువగా తిట్టడానికే.

ఏప్రిల్‌లో ట్రెవర్ ముప్ఫై పేజీల చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. అట్ట మీద ఆ విల్లు. మహబూబ్ ఒక ప్రతి సంపాదించి ఆమెకు ఇస్తే, ఆమె దాన్ని కొంగులో చుట్టుకుని నా ఆఫీసుకు వచ్చింది. "నా గురించి ఏం రాసినాడో సదువు" అంది. వెతికాను. అచ్చులను పరిశీలించి పలకల సరైన జతను రచయితే కనుగొన్నాడని ఒకచోట ఉంది. నరం పని గురించి ఒక్క వాక్యం: తోలు పని చేసే కులానికి చెందిన ఒక ఇంటి పనిమనిషి, ఆ కులానికి సహజంగా ఉండే నేర్పుతో ఈ పని చేసిందని. పేరు లేదు.

తెలుగులోకి మార్చి చెప్పేటప్పుడు నేను కొంచెం మెత్తగా చెప్పబోయాను. ఆమె కనిపెట్టేసింది. "ఉన్నది ఉన్నట్టు సెప్పు." చెప్పాను.

"ఉత్తరం కొట్టు" అంది.

ఆమె చెబుతుంటే నేను ఇంగ్లీషులో టైపు చేశాను. ఆమె మాటలు ఇవి:

"ట్రెవర్ సారుకు. నేను అంకాలమ్మను. తిరుపాలు కూతుర్ని. మాదిగోళ్ళం. పొడుగు ఎముకలు రెండూ ఒకే పక్కవని సెప్పింది నేను. నువ్వు గాదు. ఒప్పుకునేదానికి నీకు మూడు రోజులు పట్టింది. బంక మసలగూడదని మొదటి విల్లప్పుడే సెప్పినా. నువ్వు పుస్తకం సూపిచ్చినావు. నాకు పుట్టుకతో ఏమీ రాలేదు. మా నాయన నేర్పిచ్చినాడు. తప్పు సేస్తే సేతి మీద కొట్టి నేర్పిచ్చినాడు. ఇది నీ పుస్తకంలో అచ్చెయ్యి."

"మాదిగోళ్ళం" దగ్గర నా వేళ్ళు ఆగాయి. "ఆ మాట అవసరమా అక్కా? తీసేద్దామా?" అన్నాను.

"మూడేండ్లు దాసిపెట్టుకుంది నేను. బయటపెట్టింది వాడు. ఇంక నేనెందుకు తియ్యాల? మా నాయన పేరు పక్కన ఆ మాట నేను రాస్తే ఒక తీరు, వాడు రాస్తే ఇంకో తీరు. కొట్టు."

కొట్టాను. ఆ కాగితం మెషిన్‌లోంచి తీస్తూ మా తాత సంగతి ఆమెకు చెప్పాను. నన్ను ఓదారుస్తుందనుకున్నాను. "మరి ఇన్నాళ్ళూ నా దగ్గర టీ కలుపుతా కూసున్నావా!" అని కోప్పడి, కాగితం లాక్కుని వెళ్ళిపోయింది. రెండు శుక్రవారాలు ప్రార్థనకు రాలేదు.

ట్రెవర్ జవాబు రాయలేదు. ఆ వేసవిలో బడి ఉద్యోగం వదిలి వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు. ఉత్తరం నకలు ఆమె మామాకు ఇచ్చింది. మామా దాన్ని మనవరాలి చేత చదివించుకుని, మజ్లిస్‌లో మొగుడి ముందు పెట్టింది. ఏం మాట్లాడిందో తెలియదు. బాబా అప్పటికి మూడు నెలలుగా అంకాలమ్మతో మాట్లాడటం లేదు. ఒకరోజు మహబూబ్ నా ఆఫీసుకు ఒక చీటీ తెచ్చాడు. విల్లు కింద గోడకు పెట్టే కార్డు, ఇంగ్లీషులో టైపు చేసివ్వమని. ఎముక పలకల జత కనుగొన్నదీ, నరమూ బంకా కొమ్మూ పని చేసినదీ అంకాలమ్మ అని అందులో ఉంది. ట్రెవర్ పేరు దాని కింద ఉంది. తండ్రి పేరు లేదు. అంకాలమ్మకు కబురు చేశాను. ఆమె వెనక్కి పంపించింది. నాలుగు రోజుల తర్వాత అదే చీటీ, "తిరుపాలు కుమార్తె" అని బాబా స్వయంగా చేర్చిన అక్షరాలతో తిరిగి వచ్చింది.

కార్డు గోడకెక్కిన రోజు ఆమె ముషైరిబ్ వచ్చింది. ఇప్పుడు తృప్తిగా ఉందా అని అడిగాను.

"పుస్తకం మారిందా?"

"లేదు."

"అయితే ఇంకో ఉత్తరం కొట్టు."

1998 ఆగస్టులో ఆమె ఇంటికి వెళ్ళిపోయేలోగా మొత్తం నాలుగు ఉత్తరాలు పంపాం. ట్రెవర్ ఇంగ్లండ్ చిరునామాను మహబూబ్ బాబా డైరీలోంచి చూసి రాసుకొచ్చాడు. ఒక్కదానికీ జవాబు లేదు. ఆమె ఇప్పుడు ప్రొద్దుటూరు బస్టాండు దగ్గర భోజనం హోటల్ నడుపుతోంది. తోలు పని మళ్ళీ ముట్టలేదు. తండ్రి ఏం చేసేవాడని ఎవరైనా అడిగితే శనక్కాయల మాట ఎత్తదు.

అయిదో ఉత్తరం ఆమె అడగకుండా నేనే టైపు చేసి పంపాను. ఆ ప్లాస్టర్ అచ్చులు బల్ల మీద పెట్టి ఆమె ఏం చెప్పిందో, ఆ మాట ఆమె నాకు ఏ శుక్రవారం చెప్పిందో తేదీతో సహా రాశాను. కింద నా పేరూ, మా తాత పేరూ, ఆయన చేసిన పనీ పెట్టాను. దానికి కూడా జవాబు రాలేదు. ఆ పుస్తకం ఏదో ఒక లైబ్రరీలో ఇప్పటికీ అలాగే ఉంది.